బుధవారం మాత్ర

"మా అమ్మగారికి కీళ్లవాతం అని చెప్పి డాక్టరుగారు మెథోట్రెక్సేట్ రాశారు. మెడికల్ షాపు అబ్బాయి 'ఇది క్యాన్సర్ బిళ్ల కదండీ, ఎవరికి?' అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే నిజమే! అమ్మ అప్పట్నుంచీ ఆ చీటీ ముట్టుకోవడం లేదు. వేయాలా, మానాలా?"

పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి గానీ ఈ శీర్షికకు ఈ ప్రశ్న మాత్రం వస్తూనే ఉంటుంది. రెండో రకం ప్రశ్న ఇంకోటుంది. "కీళ్లవాతం అంటే ఇమ్యూనిటీ జబ్బట కదా, ఇమ్యూనిటీ పెరగడానికి ఏ పొడి వాడమంటారు?" కరోనా వచ్చి వెళ్లాక 'ఇమ్యూనిటీ పెంచుకోండి' అన్న మాట టీ పొడి ప్యాకెట్ దాకా ఎక్కేసింది కాబట్టి అలా అడగడంలో తప్పులేదు.

ముందు రెండోదానికి జవాబు చెప్పేస్తాను. రుమటాయిడ్ కీళ్లవాతంలో గానీ, లూపస్‌లో గానీ, సొరియాసిస్‌లో గానీ ఇమ్యూనిటీ తక్కువై జబ్బు రాలేదు. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్ల రక్తకణాలు సొంత ఇంటి మనుషుల్నే దొంగలనుకుని కొడుతున్నాయి. రుమటాయిడ్‌లో దెబ్బలు పడేది కీళ్ల లోపలి పొర మీద. పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు ముడుచుకోవు, జడ వేసుకోలేరు, పాలగిన్నె పట్టుకుంటే జారిపోతుంది. అలా కొట్టే కాపలావాడికి బలం మందు పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ కావల్సింది పెంచడం కాదు. పూర్తిగా అణిచేయడమూ కాదు, అలా చేస్తే నిజం దొంగ వచ్చినప్పుడు ఎవడూ లేవడు. కావల్సింది సర్దుబాటు. ఎంత సర్దాలి, ఎక్కడ సర్దాలి అన్నదే డెబ్భై అయిదేళ్లుగా పరిశోధకులు కుస్తీ పడుతున్న సంగతి.

ఇక మొదటి ప్రశ్న. 'క్యాన్సర్ బిళ్ల' అన్నమాట అబద్ధం కాదు. కానీ దాని కథ తెలిస్తే అంత భయం ఉండదు. పైగా ఆ కథలో పెద్ద పాత్ర మన భీమవరంలో పుట్టినాయనది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టారు. చదువుకునే రోజుల్లోనే అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం విరిగిపోయి మనిషి కరిగిపోయే జబ్బది. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఏళ్లకేళ్లు పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి చూపించింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందు. అన్నదమ్ముల్ని మింగిన జబ్బు మీద గురి పెట్టడం అంటే ఇదే.

ఆ తరవాత బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు ఒక విచిత్రం చూశారు. రక్తం క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ లాంటివి ఇస్తే మేలు జరగకపోగా జబ్బు ఇంకా జోరందుకుంది. అంటే క్యాన్సర్ కణాలకు అది తిండన్నమాట. మరి అచ్చం తిండిలాగే కనబడి, నోట్లో పెట్టుకుంటే గొంతుకడ్డం పడే నకిలీ ముద్ద ఇస్తే? లెడర్లీలో సుబ్బారావు బృందం అలాంటి నకిలీలనే తయారుచేసింది. ఒకటి అమినోప్టెరిన్. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఫార్బర్ 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకి మందంటూ లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏళ్లకే కన్నుమూశారు. తన మందు కీళ్లవాతానికి పనికొస్తుందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

1951లో గబ్నర్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు అమినోప్టెరిన్‌ను రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఇచ్చి చూశారు. కీళ్ల వాపులు తగ్గాయి. సొరియాసిస్ పొలుసులు కూడా తగ్గాయి. ఇంత మంచి కబురు వచ్చాక ప్రపంచమంతా దాని వెంట పడాలి కదా. పడలేదు. ఎందుకంటే అప్పటికే అందరి కళ్లూ ఇంకోదాని మీద ఉన్నాయి.

అది కార్టిజోన్, అంటే మనమిప్పుడు స్టెరాయిడ్ అంటున్నామే, అదే. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు మంచం దిగలేని 29 ఏళ్ల మహిళకు ఆ ఇంజెక్షన్లు ఇచ్చారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆవిడ లేచి నడిచి బజారుకెళ్లి కొనుక్కొచ్చుకుంది. రెండేళ్లకల్లా హెంచ్‌కు, మరో ఇద్దరికి నోబెల్. అలాంటి అద్భుతం ముందు వారాల తరబడి మెల్లిగా పనిచేసే మాత్ర ఎవరికి ఆనుతుంది? స్టెరాయిడ్ అసలు ధర తరవాత తెలిసింది. ముఖం ఉబ్బడం, షుగర్ రావడం, ఎముకలు గుల్లబారడం. ఇప్పటికీ డాక్టర్లు స్టెరాయిడ్ వాడతారు, వాడాల్సిన చోట అది ప్రాణదాతే. కానీ కొద్దిరోజులు, కొద్ది మోతాదు, అసలు మందు పనిలోకి దిగేదాకా.

(మన ఊళ్లలో పేరులేని పొట్లాల మందు వేసుకుని "రెండ్రోజుల్లో నొప్పులు మాయం" అని పొంగిపోయేవాళ్లకు ఒక మాట. అంత గబుక్కున మాయం చేసే గుణం స్టెరాయిడ్‌కి ఉంది. అలాంటి పొట్లాల్లో అది కలిపి అమ్మినట్టు చాలాసార్లు పట్టుబడింది. ఏం వేసుకుంటున్నారో తెలియని మందు ఎందుకండీ?)

మెథోట్రెక్సేట్‌ను సొరియాసిస్ డాక్టర్లు వదల్లేదు గనక బతికింది. కీళ్ల డాక్టర్లు ఒకరిద్దరు వారానికి ఓసారి చిన్న మోతాదు ఇస్తూ వచ్చారు. చివరికి 1985లో బోస్టన్‌లో మైకేల్ వైన్‌బ్లాట్ బృందం, ఎవరికి మందో ఎవరికి ఉత్తి బిళ్లో తెలియకుండా ఇచ్చి పరీక్షించి, ఇది పనిచేస్తోందని చూపింది. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి దీన్ని అనుమతించింది. 1951కీ 1988కీ మధ్య 37 ఏళ్లు. ఈలోగా ఎందరి వేళ్లు వంకర్లు పోయాయో! చవక మందు, పాత మందు, దాని మీద డబ్బు పెట్టి పెద్ద పరీక్షలు చేయించే తొందర ఎవరికీ లేకపోయిందని నా అనుమానం.

ఇక 'క్యాన్సర్ బిళ్ల' సంగతి. క్యాన్సర్‌లో ఈ మందును అవసరాన్నిబట్టి గ్రాముల లెక్కన కూడా ఎక్కిస్తారు. కీళ్లవాతానికి ఇచ్చేది మామూలుగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. పేరొకటే, పని వేరు. అంత చిన్న మోతాదులో అది కణాల్ని చంపే పని పెద్దగా చేయదు. వాపు ఉన్నచోట అడినోసిన్ అనే పదార్థం ఎక్కువయ్యేలా చేస్తుందనీ, తెల్లకణాల కోపాన్ని చల్లార్చేది అదేననీ పరిశోధకులు ఎక్కువగా నమ్ముతున్నారు. ఇంకో తమాషా ఏంటంటే, ఈ మాత్ర రాసిన డాక్టరు ఇంకో రోజు వేసుకోమని ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, నోటిపూత, వికారం తగ్గడానికి. అసలూ నకిలీ రెండూ ఒకే పరిశోధనశాల సరుకు. ఇప్పుడు ఒకే డబ్బాలో పక్కపక్కన ఉంటాయి.

ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. ఈ మాత్రతో ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. చాలావాటికి కారణం ఒకటే: వారానికి ఒకసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం. బీపీ బిళ్లా షుగర్ బిళ్లా రోజూ వేసుకునే పెద్దవాళ్లు దీన్నీ ఆ వరసలో కలిపేస్తారు. వారం తిరక్కుండానే నోరంతా పుండ్లు, జ్వరం, తెల్లకణాలు పడిపోవడం. అలా జరిగితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి "మెథోట్రెక్సేట్ రోజూ వేశాం" అని మొదటిమాటగా చెప్పండి. విరుగుడు మందు ఉంది, వేళకు ఇస్తే పనిచేస్తుంది. అసలు ఆ పరిస్థితే రాకుండా ఉండాలంటే వారంలో ఒక రోజు ఖాయం చేసి, చీటీ మీద 'బుధవారం మాత్రమే' అని తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. ఆ డబ్బా రోజువారీ మందుల దగ్గర పెట్టకండి. దగ్గుకో, మూత్రంలో మంటకో వేరే డాక్టరు దగ్గరకెళ్లినప్పుడు ఈ మాత్ర సంగతి చెప్పండి. కోట్రైమోక్సజోల్ అనే మామూలు యాంటీబయాటిక్ దీనికి తోడైతే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మద్యం వద్దు. లివరుకీ, రక్తకణాలకీ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకి చేయించాల్సిందే. పెళ్లయి పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ముందుగానే చెప్పాలి. గర్భంలో బిడ్డకు ఇది హాని చేస్తుంది. నెలల ముందే ఆపి, గర్భిణులకు పనికొచ్చే వేరే మందుకి మారుస్తారు. ఆ దారి ఉంది కాబట్టి "పిల్లలు పుట్టరేమో" అని ముందే మందు మానేయకండి.

ఇంత జాగ్రత్త చెప్పాక మళ్లీ భయపడతారేమో. మందు మానితే ఏమవుతుందో కూడా చూడండి. జబ్బు మొదలైన తొలి ఏళ్లలోనే కీలు లోపల ఎముక తినేయడం మొదలవుతుంది. వాపు తర్వాతైనా తగ్గించొచ్చు, తినేసిన ఎముకను మాత్రం ఏ మందూ పూడ్చి పాత రూపానికి తేలేదు.

అందరికీ ఈ మాత్ర సరిపోదు. సరిపోనివాళ్ల కోసమే తర్వాతి అంచె వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్లలో ఒకరు లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, ఇంకొకరు మార్క్ ఫెల్డ్‌మన్. ఇద్దరూ లండన్‌లో పనిచేశారు. కీళ్లలో వాపు రేపే రసాయనాలు డజన్ల కొద్దీ ఉన్నాయి, ఒకదాన్ని ఆపితే ఇంకోటి ఆ పని చేసేస్తుంది కదా అని అప్పట్లో అందరూ అనేవారు. వీళ్లు రోగుల కీళ్ల నుంచి తీసిన కణాల్ని గాజుపాత్రలో పెంచి చూస్తే, టీఎన్‌ఎఫ్ అనే ఒక్కదాన్ని అడ్డుకోగానే మిగతావీ తగ్గుముఖం పట్టాయి. అంటే అది మూకలో ఒకటి కాదు, మూకకి నాయకుడు. 1992లో లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో టీఎన్‌ఎఫ్‌ను పట్టుకునే యాంటీబాడీని రోగులకు ఎక్కించడం మొదలుపెట్టారు. తొలి విడత 20 మంది. రోజుల్లోనే అలసట, బిగువు తగ్గాయి. మందు ప్రభావం తీరగానే జబ్బు తిరిగొచ్చింది, మళ్లీ ఇస్తే మళ్లీ తగ్గింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అన్న పేరుతో వచ్చింది అదే. తర్వాత ఎటానెర్సెప్ట్, అడాలిముమాబ్. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లో కొంతభాగం ఎలుకది కావడంతో ఒళ్లు దానిమీదా తిరగబడేది. దాన్ని తగ్గించడానికి వాళ్లు తోడు ఇచ్చిందేమిటో తెలుసా? వారానికోసారి మెథోట్రెక్సేట్!

ఈ ఇంజెక్షన్లు వచ్చాక తెలిసిన రెండు సంగతులు రోగనిరోధక వ్యవస్థను కదపడం ఎంత కత్తి మీద సామో చెబుతాయి. మొదటిది మనకు బాగా దగ్గరిది. టీబీ క్రిమి చాలామంది ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటుంది. దాని చుట్టూ తెల్లకణాలు గోడ కట్టి కూర్చుంటాయి. ఆ గోడ నిలబడ్డానికి టీఎన్‌ఎఫ్ కావాలి. 2001లో అమెరికా పరిశోధకులు ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నాక టీబీ బయటపడ్డ 70 కేసుల్ని లెక్కగట్టి ప్రకటించారు. అందుకే మన దగ్గర ఈ ఇంజెక్షన్ ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష చేస్తారు. "కీళ్లనొప్పికి వస్తే ఊపిరితిత్తుల పరీక్షేంటి, బిల్లు కోసం కాకపోతే" అని విసుక్కోకండి.

రెండోది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. అక్కడా టీఎన్‌ఎఫ్ ఎక్కువే, అక్కడా ఒళ్లు తనమీద తానే తిరగబడడమే. అందుకని లెనెర్సెప్ట్ అనే టీఎన్‌ఎఫ్ నిరోధకాన్ని 168 మందితో పరీక్షించారు. 1999లో ఫలితం చూస్తే, మందు తీసుకున్నవాళ్లకే జబ్బు ఎక్కువసార్లు విజృంభించింది. కీలు దగ్గర శత్రువైన రసాయనం నరాల దగ్గర ఏదో మేలు కూడా చేస్తోందన్నమాట. "మా పిన్నిగారికి ఫలానా ఇంజెక్షన్ అద్భుతంగా పనిచేసింది, నాకూ రాయండి" అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లండన్‌లోనే 2006 మార్చి 13న జరిగినది ఇంకా ఘోరం. మన ఒంట్లో తోటి కణాల్ని శాంతపరిచే టి కణాలు కొన్ని ఉంటాయి. వాటిని పెంచితే ఆటోఇమ్యూన్ జబ్బులు దారికొస్తాయన్న ఆశతో టీజీఎన్1412 అనే యాంటీబాడీ తయారుచేశారు. కోతులకు ఏమీ కాలేదు. కోతులకు సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చారు, ఒకరి తర్వాత ఒకరికి, నిమిషాల తేడాతో. గంటన్నర లోపే అందరికీ తలనొప్పి, నడుంనొప్పి, వణుకు. ఆ రాత్రికి ఆరుగురూ ఐసీయూలో. కాపలావాళ్లని శాంతపరచబోయి మొత్తం దండునే రెచ్చగొట్టారు. అదృష్టం, అందరూ బతికారు. ఒకరికి కాలివేళ్లు పోయాయి. కోతుల్లో ఆ రకం దాడి కణాల మీద ఆ మందు పట్టుకునే కొక్కెమే ఉండదని తర్వాత తేలింది. అప్పట్నుంచి ఇలాంటి కొత్త మందును మొదట ఒక్కరికే ఇచ్చి, ఆగి చూసి, తర్వాతే రెండో మనిషికి ఇవ్వాలన్నారు. మన ఇళ్లలో కొత్త పచ్చడి కూడా ఒకరు నాలిక్కి రాసుకుని చూశాకే పంక్తిలో వడ్డిస్తాం కదా అనిపిస్తుంది!

మందు విఫలమైనా ఆ శాంతికణాల ఆలోచన తప్పు కాదు. వాటిని 1995లో జపాన్‌లో షిమొన్ సకగూచి గుర్తించారు. వాటిని నడిపే జన్యువును 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పట్టుకున్నారు. 2025లో వైద్య నోబెల్ ఈ ముగ్గురిదే. వాటిని ప్రమాదం లేకుండా పెంచే మందు కోసం ఇప్పుడు చాలాచోట్ల పరీక్షలు నడుస్తున్నాయి.

ఇంకో దారి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తెరుచుకుంది. కార్-టి అని క్యాన్సర్ వైద్యంలో వినే ఉంటారు. రోగి టి కణాల్నే బయటికి తీసి, వాటికి కొత్త గురి నేర్పి, తిరిగి ఎక్కించడం. జార్జ్ షెట్ బృందం 2021లో ఏ మందుకీ లొంగని లూపస్ ఉన్న 20 ఏళ్ల అమ్మాయికి ఇది చేసింది. గురి పెట్టింది బి కణాల మీద, సొంత ఒంటిపై యాంటీబాడీలు తయారుచేసేవి అవే గనక. 2024 నాటికి 15 మంది అయ్యారు. వాళ్లలో 8 మంది లూపస్ వాళ్లు. ఎనిమిది మందికీ జబ్బు సద్దుమణిగింది, ఇమ్యూనిటీని అణిచే మందులన్నీ ఆపేశారు. విచిత్రమేంటంటే నెలల తర్వాత బి కణాలు మళ్లీ పుట్టుకొచ్చాయి, కానీ పాత పగ మరిచిపోయి వచ్చాయి. పదిహేను మంది అంటే చాలా తక్కువే. ఎన్నేళ్లు నిలుస్తుందో కాలమే చెప్పాలి.

మన దేశంలో ఐఐటీ బొంబాయిలో పుట్టిన కార్-టి వైద్యానికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అమెరికాలో అయ్యే ఖర్చులో దాదాపు పదోవంతు. అయినా లక్షల్లోనే, అదీ కొన్ని రక్త క్యాన్సర్లకే. లూపస్‌కి కాదు. కాబట్టి "మా అమ్మాయికి లూపస్, కార్-టి చేయిస్తాం, పొలం అమ్మమంటారా?" అని అడిగేవాళ్లకు నా జవాబు: ఇప్పుడు వద్దు. అనుమతి లేని వైద్యానికి ఎవరైనా డబ్బు కట్టమంటే అసలే వద్దు. నిజమైన పరిశోధన పరీక్షలో చేరితే, పరీక్షిస్తున్న మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోరు. పూర్తి వివరాలు చెప్పి సంతకం తీసుకుంటారు, ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉంటుంది. ఈలోపు ఆ అమ్మాయి వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మానకుండా చూడండి. అదీ పాత మందే, మలేరియా బిళ్ల. 2020లో కరోనాకి పనిచేస్తుందని పుకారు రేగి షాపుల్లో దొరక్కుండా పోయినప్పుడు దాని విలువ లూపస్ రోగులకే బాగా తెలిసింది. ఏడాదికోసారి కంటి డాక్టరుకి చూపించుకుంటూ వాడితే చాలామంది ఏళ్ల తరబడి వాడుకోవచ్చు, గర్భం వచ్చినా సాధారణంగా ఆపరు.